శరణార్థుల సినిమాలు: సానుభూతి ఎంతకాలం, సాక్ష్యం ఎంతదూరం

2021 ఫిబ్రవరిలో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో 'ఫ్లీ' అనే డానిష్ డాక్యుమెంటరీకి పెద్ద బహుమతి వచ్చింది. చిన్నతనంలోనే అఫ్ఘానిస్తాన్ నుంచి పారిపోయి, మాస్కోలో పోలీసుల కంటపడకుండా బతికి, చివరికి డెన్మార్క్ చేరిన ఒక మనిషి కథ అది. అతని అసలు పేరు, అసలు ముఖం బయటపడకూడదని దర్శకుడు యోనాస్ పోహెర్ రాస్ముసెన్ దాన్ని యానిమేషన్‌లో తీశాడు. డెన్మార్క్ ఆ సినిమాను తన తరఫున ఆస్కార్‌కు పంపింది. డాక్యుమెంటరీ, యానిమేషన్, అంతర్జాతీయ చిత్రం అనే మూడు విభాగాల్లోనూ ఒకేసారి నామినేషన్ పొందిన మొదటి సినిమా అదే. ఆ 2021లోనే, జూన్ నెలలో, డెన్మార్క్ పార్లమెంటు ఒక చట్టం చేసింది: ఆశ్రయం కోరి వచ్చినవాళ్లను ఐరోపా బయట మరో దేశానికి పంపించి, వాళ్ల దరఖాస్తులు అక్కడే పరిశీలించవచ్చని. డమాస్కస్ చుట్టుపక్కల ఇక ప్రమాదం లేదని తేల్చి, అక్కణ్నుంచి వచ్చిన కొందరు సిరియన్ల నివాస అనుమతులు రద్దు చేసింది కూడా ఆ రోజుల్లోనే. ఇదంతా కపటమని తిట్టిపోయడం తేలిక. అయితే సినిమా చూసి చలించినవాళ్లూ, ఆ చట్టం చేసిన పార్టీలను గెలిపించినవాళ్లూ వేరువేరు మనుషులే అయి ఉండనక్కర్లేదు. శనివారం సాయంత్రం థియేటర్లో కళ్లు తుడుచుకున్న మనిషే ఎన్నికల రోజున సరిహద్దు మూస్తామన్న పార్టీకి ఓటు వేయగలడు. కళతో, డాక్యుమెంటరీలతో శరణార్థుల గురించి అవగాహన పెంచాలనే మాట వినిపించినప్పుడల్లా ముందు గుర్తు పెట్టుకోవాల్సింది ఈ మనిషినే.

అసలు ఎవరి గురించి అవగాహన? ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్క ప్రకారం 2024 చివరికి ప్రపంచంలో బలవంతంగా ఇల్లు వదిలినవాళ్లు 12 కోట్ల 32 లక్షల మంది. అందులో దేశం దాటి శరణార్థులైనవాళ్లు సుమారు 4 కోట్ల 27 లక్షలు. మిగతావాళ్లలో అత్యధికులు సొంత దేశంలోనే నిర్వాసితులు. దేశం దాటినవాళ్లలోనూ నలుగురిలో ముగ్గురు దాకా ఉన్నది పేద, మధ్యాదాయ దేశాల్లో, ఎక్కువగా పక్క దేశంలోనే. సినిమాల్లో కనిపించే శరణార్థి మాత్రం మధ్యధరా సముద్రం మీద, రబ్బరు పడవలో, నారింజ రంగు లైఫ్‌జాకెట్టు వేసుకుని ఉంటాడు. సూడాన్ నుంచి చాద్‌లోకి నడిచివచ్చిన లక్షల మందికి ఆ లైఫ్‌జాకెట్టూ లేదు, ఆ కెమెరా కూడా లేదు. బెర్లిన్, వెనిస్, కాన్స్ ఉత్సవాలకు వెళ్లే ప్రేక్షకుడి గుమ్మం తొక్కినవాడే ఆ ఉత్సవాల తెరకెక్కుతాడు. అవగాహన అన్నది ఈ వంకరతోనే మొదలవుతోంది. నా వాదన ఇది: సినిమా పుట్టించే జాలి నిజమైనదే, కానీ దాని ఆయుష్షు వారాల్లో ఉంటుంది. అది ఆరిపోయేలోగా అందుకోవడానికి ఒక ఉద్యమమో, చట్టమో, కోర్టు కేసో, చందా పుస్తకమో సిద్ధంగా ఉంటే ఏదైనా మారుతుంది. అలాంటిదేమీ లేనిచోట కళాకారుడు చేయగల మేలైన పని సాక్ష్యం నిలపడం. ఆ సాక్ష్యం ఎవరి చేతుల్లో తయారైందన్న దాన్నిబట్టి దాని బలం ఉంటుంది.

జాలి ఆయుష్షు గురించి ఊహించి చెప్పనక్కర్లేదు, కొలిచిన లెక్కలున్నాయి. 2015 సెప్టెంబరు 2న టర్కీలోని బోద్రుమ్ దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చిన అలాన్ కుర్దీ ఫొటోను నీలూఫర్ దెమిర్ తీసింది. ఎర్ర చొక్కా, నీలం నిక్కరు, బూట్లు వేసుకుని ఇసుకలో బోర్లా పడి ఉన్న ఆ పసివాణ్ని ప్రపంచమంతా చూసింది. సిరియా శరణార్థుల కోసం స్వీడన్ రెడ్‌క్రాస్ నడిపిన నిధికి వచ్చిన విరాళాలను పాల్ స్లోవిక్ బృందం పరిశీలించి 2017లో ప్రచురించింది. ఫొటో వచ్చిన వారంలో రోజువారీ విరాళాల సంఖ్య అంతకుముందు వారం కంటే వంద రెట్లు పెరిగింది. ఆరు వారాలు తిరిగేసరికి దాదాపు మొదటికొచ్చింది. ఆ ఫొటో వచ్చిన పది వారాలకు, నవంబరులో, స్వీడన్ తన సరిహద్దుల్లో తనిఖీలు మొదలుపెట్టింది. స్వీడన్ మీద నింద వేయడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆ ఏడాది ఆశ్రయం కోరినవాళ్లను సుమారు 1,63,000 మందిని తీసుకున్న చిన్న దేశమది. ఈ అధ్యయనంలో నాకు ముఖ్యంగా తోచినది మరొకటి. ఆ సెప్టెంబరులో నెలనెలా ఇంత ఇస్తామని సంతకం పెట్టినవాళ్ల సంఖ్య పదింతలైంది, తర్వాతి నెలల్లో వాళ్లలో మానేసినవాళ్లు దాదాపు లేరు. అదే ఫొటో, అదే జనం. ఆ వారంలో ఒకసారి డబ్బు పంపినవాళ్ల ఉద్వేగం అక్కడితో చల్లారింది. ఒక కాగితం మీద సంతకంగా మారిన ఉద్వేగం నిలిచింది.

జాలికి మరో గుణం కూడా ఉంది: దానికి లెక్కలు పడవు. 2007లో స్మాల్, లోవెన్‌స్టైన్, స్లోవిక్ ప్రచురించిన ప్రయోగంలో, మాలి దేశానికి చెందిన ఒక ఏడేళ్ల పాప ఫొటో, కథ చూపించినప్పుడు జనం సగటున 2.38 డాలర్లు ఇచ్చారు. లక్షలాది మంది ఆకలి గురించి అంకెలు మాత్రమే ఇచ్చినప్పుడు 1.14. పాప కథ పక్కనే అంకెలు కూడా పెట్టినప్పుడు పాప ఒక్కతే ఉన్నప్పటికన్నా తగ్గి 1.43 అయింది. డాక్యుమెంటరీ తీసేవాళ్లందరికీ ఈ సంగతి అనుభవంలో తెలుసు. అందుకే ప్రతి సినిమాలో ఒక పాప, ఒక తల్లి, ఒక డాక్టరు ఉంటారు. ఒక్కరి కథ చెబితేనే మనసు కదులుతుంది. కానీ ఒక్కరి కథ చూసినవాడికి, వీళ్లు ఇల్లు ఎందుకు వదిలారు, ఎవరు వెళ్లగొట్టారు, ఆయుధాలు ఎవరు అమ్మారు అన్న ప్రశ్నలు తట్టకపోవచ్చు. సానుభూతి సినిమాల్లో చాలావాటికి ప్రతినాయకుడే ఉండడు, సముద్రమే అన్ని నేరాలూ మోస్తుంది.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం తెలిసిందే: జాలి వల్లే కదా డబ్బు వచ్చింది, ప్రాణాలు నిలిచాయి, అంత తేలిగ్గా కొట్టిపారేస్తే ఎలా? కొట్టిపారేయడం లేదు. మన పొరుగున జరిగిన 1971నే చూద్దాం. తూర్పు పాకిస్తాన్ నుంచి దాదాపు కోటి మంది పశ్చిమ బెంగాల్, త్రిపుర, అస్సాం, మేఘాలయల్లోకి వచ్చారు. ఆగస్టు 1న న్యూయార్క్‌లో రవిశంకర్, జార్జ్ హారిసన్ చేసిన కచేరీ రెండు ఆటలకు సుమారు 40,000 మంది వచ్చారు. యూనిసెఫ్‌కు రెండు లక్షల 43 వేల పైచిలుకు డాలర్లు అందాయి. రికార్డులు, సినిమా మీద వచ్చిన సొమ్ము మాత్రం పన్నుల గొడవలో ఏళ్లపాటు ఇరుక్కుపోయింది. అంతకన్నా పెద్ద ఫలితం, బంగ్లాదేశ్ అన్న పేరు అమెరికా యువత నోట నానడం. కలకత్తాలో తలదాచుకున్న ఢాకా దర్శకుడు జహీర్ రైహాన్ అదే ఏడాది 'స్టాప్ జెనోసైడ్' అనే ఇరవై నిమిషాల డాక్యుమెంటరీ తీశాడు. శిబిరాల్లో మనుషుల ముఖాలతో పాటు, వాళ్లను వెళ్లగొట్టిన సైన్యాన్ని, చూస్తూ ఊరుకున్న ప్రపంచాన్ని అది పేరుపెట్టి నిలదీస్తుంది. ఇక్కడ జాలిని అందుకోవడానికి ఏర్పాట్లన్నీ ఉన్నాయి: ప్రవాస ప్రభుత్వం ఉంది, ముక్తివాహిని ఉంది, జూన్ 13న 'సండే టైమ్స్'లో ఆంథొనీ మాస్కరెన్హాస్ రాసిన కథనం ఉంది, అమెరికా సెనేట్ శరణార్థుల ఉపసంఘం అధ్యక్షుడిగా శిబిరాలు తిరిగి వెళ్లిన ఎడ్వర్డ్ కెనెడీ ఉన్నాడు. ఇన్ని ఉన్నా నిక్సన్ ప్రభుత్వం పాకిస్తాన్ పక్షం వీడలేదు. శరణార్థులు 1972 మొదట్లో ఇళ్లకు తిరిగి వెళ్లింది కచేరీ వల్ల కాదు, వాళ్ల దేశం పుట్టడం వల్ల. కళ ఆ పోరాటానికి ఊపునిచ్చింది, దాని బదులు తాను పోరాడలేదు. కనబడకుండా పోయిన తన అన్నను వెతకడానికి రైహాన్ స్వయంగా 1972 జనవరి 30న ఢాకా శివారు మీర్‌పూర్‌కు వెళ్లి, తిరిగి రాలేదు.

బెంగాల్ దగ్గరే ఇంకొంచెం ఆగాలి, ఎందుకంటే శరణార్థుల కళకు అంత పాత, అంత చిక్కటి ఉదాహరణ మన ఉపఖండంలో మరొకటి లేదు. నిమాయ్ ఘోష్ 1950 ప్రాంతంలో తీసిన 'ఛిన్నమూల్'లో సియాల్దా స్టేషన్ ప్లాట్‌ఫారం మీద పడి ఉన్న నిజమైన శరణార్థులే కనిపిస్తారు. ఆ సినిమాలో నటించిన ఋత్విక్ ఘటక్ తర్వాత 'మేఘే ఢాకా తారా', 'కోమల్ గాంధార్', 'సువర్ణరేఖ' తీశాడు. ఢాకాలో పుట్టిన ఆయనకు ఇది బయటినుంచి చూసి జాలిపడే విషయం కాదు. 'మేఘే ఢాకా తారా'లో నీత తెగిన చెప్పుతో కాలనీ దారిలో నడుస్తుంది. ఆమె జీతం మీద ఇల్లంతా బతుకుతుంది, ఆ ఇల్లే ఆమెను నమిలేస్తుంది. ఇక్కడ శరణార్థి మంచివాడూ కాదు, చెడ్డవాడూ కాదు. కుటుంబం, స్వార్థం, ఆశ అన్నీ ఉన్న మనిషి. ఆ రోజుల్లో కలకత్తా శివార్లలో శరణార్థులు భూములు ఆక్రమించి 'జబర్‌దఖల్' కాలనీలు వేసుకున్నారు, సంఘాలు పెట్టుకున్నారు, ఊరేగింపులు తీశారు, ఏళ్ల తరబడి కొట్లాడి పట్టాలు తెచ్చుకున్నారు. ఘటక్ సినిమాల వెనక ఆ జనం ఉన్నారు. దీనికి మరో వైపు కూడా ఉంది. తర్వాత వచ్చిన నామశూద్ర శరణార్థులను, అంటే దళిత రైతులను, కలకత్తాలో ఉండనివ్వలేదు. 1958లో మొదలైన దండకారణ్య పథకం కింద మల్కనగిరి, బస్తర్ అడవులకు తరలించారు. వాళ్లలో వేలమంది 1978లో తిరిగి వచ్చి సుందర్‌బన్స్‌లోని మరిచ్‌ఝాపి దీవిలో గుడిసెలు వేసుకుంటే, 1979లో పోలీసులు దిగ్బంధించి వెళ్లగొట్టారు. అక్కడ ఎందరు చనిపోయారన్నది ఇప్పటికీ తేలని లెక్క. వాళ్లకు ఘటక్ లేడు, కెమెరా కూడా లేదు. ఆ దీవి పేరు బెంగాల్ బయటి పాఠకులకు చేరింది పాతికేళ్ల తర్వాత అమితావ్ ఘోష్ నవల వల్ల. ఎవరి కష్టం కథ అవుతుందో తేల్చడంలో కులానికి కూడా చెయ్యి ఉంది.

ఇక కెమెరా ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న. శరణార్థుల ఫొటోల్లోకెల్లా పేరుమోసింది 1985 జూన్ 'నేషనల్ జియోగ్రాఫిక్' ముఖచిత్రం. పెషావర్ దగ్గరి నాసిర్‌బాగ్ శిబిరంలో, ముందు ఏడాది, స్టీవ్ మెక్కరీ తీసిన పచ్చకళ్ల అఫ్ఘాన్ అమ్మాయి. ఆ కళ్లు గుర్తున్నవాళ్లెవరికీ ఆమె పేరు తెలియదు. ఫొటోగ్రాఫరు కూడా అడిగి రాసుకోలేదు. 2002లో వెతికి పట్టుకునేదాకా షర్బత్ గులా అన్న పేరు లోకానికి లేదు, తన బొమ్మ ఇంత ప్రసిద్ధమని ఆమెకూ తెలియదు. 2016లో పాకిస్తాన్ అధికారులు ఆమెను నకిలీ గుర్తింపు కార్డు కేసులో అరెస్టు చేసి అఫ్ఘానిస్తాన్ పంపించేశారు. ప్రపంచంలో అంత గుర్తింపు ఉన్న ముఖం మరొకటి లేదు, అయినా ఆమె గుర్తింపు కార్డు చెల్లలేదు. 2021లో ఇటలీ ఆశ్రయం ఇచ్చిందనుకోండి. ఆ ఫొటోకు దక్కిన ఫలితం అదేనని వాదించేవాళ్లూ ఉంటారు. ముప్పయ్యారేళ్ల తర్వాత, ఒక్క మనిషికి.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే సినిమా 'చౌకా, ప్లీజ్ టెల్ అజ్ ద టైమ్' (2017). ఇరాన్‌కు చెందిన కుర్దు పాత్రికేయుడు బెహ్రూజ్ బూచానీని ఆస్ట్రేలియా తన ప్రధాన భూభాగం మీద అడుగు పెట్టనివ్వకుండా పాపువా న్యూగినీలోని మానస్ దీవి నిర్బంధ శిబిరంలో పెట్టింది. ఆయన దొంగచాటుగా సెల్‌ఫోన్‌తో చిత్రీకరించి, ముక్కలు ముక్కలుగా నెదర్లాండ్స్‌లోని ఆరశ్ కమాలీ సర్వస్తానీకి పంపాడు. కంచె, ఫ్యాను, ఫోనులో భార్యతో మాట్లాడే గొంతు, గంటల తరబడి ఏమీ జరగకపోవడం – ఇదీ సినిమా. కన్నీళ్లు పెట్టించాలని చూడదు. జైలు అంటే కాలం అని దాన్ని చూసినవాడికి అర్థమవుతుంది, బయటివాడి కెమెరాకు ఆ సంగతి దొరకదు. వాట్సాప్ సందేశాలుగా ఆయన రాసి పంపిన పుస్తకానికి 2019లో విక్టోరియా రాష్ట్రపు పెద్ద సాహిత్య బహుమతి వచ్చింది. బహుమతి తీసుకోవడానికి రచయిత రాలేకపోయాడు. తాలిబన్లు తలకు వెల కట్టాక భార్యా ఇద్దరు కూతుళ్లతో పారిపోయిన అఫ్ఘాన్ దర్శకుడు హసన్ ఫజిలీ కూడా మూడు సెల్‌ఫోన్లతోనే 'మిడ్‌నైట్ ట్రావెలర్' (2019) తీశాడు. అందులో ఒక చోట చిన్నకూతురు కాసేపు కనబడకుండా పోతుంది. వెతుకుతూ ఉండగా, ఇది మంచి దృశ్యం అవుతుందన్న ఆలోచన తనకు తట్టిందనీ, అందుకు తనను తానే అసహ్యించుకున్నాననీ ఆయన చెబుతాడు. శరణార్థుల మీద వచ్చిన సినిమాలన్నిటిలో నాకు ఇంతకన్నా నిజాయితీ గల క్షణం కనబడలేదు. బయటి దర్శకులకు ఈ ఆలోచన రాదనుకోను. వాళ్ల సినిమాల్లో అది ఎడిటింగులో పోతుంది. మెల్‌బోర్న్‌లో శరణార్థులే నడుపుకునే 'రైజ్' సంస్థ 2015లో కళాకారులకు పది హెచ్చరికలు ప్రచురించింది. మా బతుకు మీకు అవకాశం కాదు అన్నది వాటి సారం. శరణార్థుల మీద ప్రాజెక్టుకు నిధులిచ్చే ప్రతి సంస్థా దరఖాస్తు ఫారానికి ముందు అది జత చేయాలి.

అలాగని కళాకారుడు బయటివాడైతే చాలు తప్పు అనడం కుదరదు, లోపలివాడైతే చాలు ఒప్పు అనడమూ కుదరదు. ఆయి వైవై స్వయంగా దేశం వదిలిన మనిషి. 23 దేశాల్లో తిరిగి 'హ్యూమన్ ఫ్లో' (2017) తీశాడు, బెర్లిన్ కచేరీ భవనం స్తంభాలకు 14,000 లైఫ్‌జాకెట్లు చుట్టాడు. ఆయనే 2016లో లెస్బోస్ తీరాన అలాన్ కుర్దీలా బోర్లా పడుకుని ఒక భారతీయ పత్రిక కోసం ఫొటో దిగాడు. ఢిల్లీలోని కళా సంతలో దాన్ని ప్రదర్శించారు. ఆ బొమ్మలో మనకు కనిపించేది ఆయి వైవై, పిల్లవాడు మాయమైపోయాడు. సంతలో అమ్మకానికి వచ్చినవాళ్ల మధ్య అదెంత పేలవంగా ఉందో వేరే చెప్పనక్కర్లేదు. ఇంతకన్నా జటిలమైన ఉదాహరణ 2019 వెనిస్ బినాలే. 2015 ఏప్రిల్ 18న లిబియా తీరానికి ఉత్తరాన మునిగిన ఒక చేపల పడవలో ఏడు వందలకు పైగా జనం పోయారు, బతికినవాళ్లు 28 మంది. ఇటలీ నౌకాదళం ఆ పడవను మరుసటి ఏడాది పైకి తీసింది. దాన్నే క్రిస్టోఫ్ బ్యూచెల్ 'బార్కా నోస్ట్రా' పేరుతో వెనిస్ తెచ్చి ఒడ్డున నిలబెట్టాడు. పక్కనే కాఫీ హోటలు. అక్కడ ఒక్క వివరణ పలక కూడా లేదు. జనం దాని ముందు సెల్ఫీలు దిగి కాఫీ తాగి వెళ్లారు. మౌనమే ఆ కళ అని సమర్థించారు. మౌనానికి విలువ ఉండేది, ఆ పడవ ఏమిటో చూసేవాడికి తెలిసినప్పుడు.

అదే పడవ మీద మరో చోట మరో పని జరిగింది. మిలాన్ విశ్వవిద్యాలయపు ఫొరెన్సిక్ వైద్యురాలు క్రిస్తీనా కత్తానియో బృందం అందులోని శవాలను ఒక్కొక్కటిగా పరీక్షించింది. మాలి నుంచి వచ్చిన పద్నాలుగేళ్ల పిల్లవాడి దుస్తుల్లో జాగ్రత్తగా కుట్టి పెట్టుకున్న ఒక కాగితం దొరికింది. అది బడి మార్కుల జాబితా. ఐరోపాలో దిగగానే చూపిస్తే, చదువుకునే కుర్రాడని నమ్ముతారనుకున్నాడు కాబోలు. ఈ సంగతి 2019 జనవరిలో ఇటలీలో మక్కాక్స్ అనే కార్టూనిస్టు బొమ్మగా గీశాడు: సముద్రం అడుగున ఆ పిల్లవాడు జలచరాలకు తన మార్కులు చూపిస్తుంటాడు. ఇటలీ అంతా ఆ కార్టూన్ చేతులు మారింది. అదే ఏడాది జూన్‌లో, సముద్రంలో జనాన్ని రక్షించి తెచ్చే నౌకలకు భారీ జరిమానాలు వేసే ఉత్తర్వు కూడా ఇటలీ ప్రభుత్వమే తెచ్చింది. మక్కాక్స్ ఓడిపోయాడనే అనాలి. కానీ ఆ కార్టూన్ వల్ల, ఆ ప్రయోగశాల వల్ల, ఆ పిల్లవాడు 'ఏడు వందల మంది'లో కలిసిపోకుండా ఉన్నాడు. మొత్తం పడవను మోసుకొచ్చిన ప్రదర్శన అది చేయలేకపోయింది. కళను ఆ రెంటి మధ్య ఉన్న తేడాతో అంచనా వేయాలంటాను.

సాక్ష్యం అన్న మాటను అక్షరాలా పాటించినవాళ్లు కూడా ఉన్నారు. 2011 మార్చి చివర్లో ట్రిపోలీ నుంచి 72 మందితో బయలుదేరిన రబ్బరు పడవ ఇంధనం అయిపోయి పద్నాలుగు రోజులు తేలియాడింది. లిబియా మీద నాటో దాడుల వల్ల ఆ సముద్రమంతా యుద్ధనౌకలున్న సమయమది. పడవలోంచి ఉపగ్రహ ఫోన్‌తో రోమ్‌లోని ఒక మతగురువుకు కబురందింది, ఇటలీ తీరరక్షక దళం హెచ్చరికలు పంపింది, ఒక హెలికాప్టరు వచ్చి బిస్కట్లు, నీళ్లు జారవిడిచి వెళ్లింది, ఒక సైనిక నౌక దగ్గరిదాకా వచ్చి వెనక్కి మళ్లింది. చివరికి పడవ లిబియాకే కొట్టుకుపోయింది. 63 మంది చనిపోయారు. లండన్‌లోని గోల్డ్‌స్మిత్స్ కళాశాలలో చార్లెస్ హెలర్, లొరెంజో పెజానీ ఉపగ్రహ రాడార్ చిత్రాలు, గాలి, ప్రవాహాల లెక్కలు, బతికినవాళ్ల మాటలు కలిపి ఆ పడవ ఏ రోజు ఎక్కడుందో, చుట్టూ ఎన్ని పెద్ద నౌకలున్నాయో మ్యాపు గీశారు. ఆ నివేదిక ఆధారంగా ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్, బెల్జియంలలో ఫిర్యాదులు పడ్డాయి. దాన్నే 2014లో 'లిక్విడ్ ట్రేసెస్' అనే చిన్న సినిమాగా తీస్తే, అందులో ఒక్క మనిషి ముఖం కూడా ఉండదు: నీలం నీళ్లు, కదిలే చుక్కలు, ఒక గొంతు. జాలికి అక్కడ చోటు లేదు. 'ఎవరు చూసి వదిలేశారు' అన్న ప్రశ్న ఒక్కటే ఉంది. సానుభూతి సినిమాలు దాచిన ప్రతినాయకుడు ఇందులో ఉపగ్రహ చిత్రంలో చుక్కగా కనిపిస్తాడు.

కళను కోర్టు ఎగ్జిబిట్‌గా మార్చేస్తే ఇక కళ ఎక్కడ మిగులుతుందన్నది న్యాయమైన అభ్యంతరమే. సాక్ష్యం అంటే మ్యాపులూ రాడార్లే అయితే ఘటక్‌కు చోటుండదు. జాన్‌ఫ్రాంకో రోసీ 'ఫుఓకొఅమ్మారె' 2016లో బెర్లిన్‌లో గోల్డెన్ బేర్ గెలిచింది. అందులో సగం సినిమా లాంపెదూసా దీవి పిల్లవాడు సామ్యుయెలె గులేరు ఆటలు, వాడి ఒక కంటికి సరిగ్గా చూపు ఆనకపోవడం. మిగతా సగం పడవల్లోంచి తీసిన శవాలు. ఒకే చిన్న దీవిలో ఈ రెండు లోకాలూ దాదాపు కలవవు, కలిపేది ఒక్క డాక్టరు పియెత్రో బార్తొలో. దర్శకుడు ఏమీ వివరించడు. పక్కనే జరుగుతున్నది మనకు కనబడకపోవడమే ఆ సినిమా నమోదు చేసిన సత్యం; దానికి ఏ ఉపగ్రహమూ అక్కర్లేదు. బార్తొలో 2019లో ఐరోపా పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. సినిమా వల్లే అనను, దాదాపు ముప్పయ్యేళ్లు ఆ దీవి ఆసుపత్రిలో చేసిన పని వల్ల అంటాను, సినిమా దాన్ని ఊరికి చాటింది.

ఇలాంటి సినిమాలు చూసేవాళ్లంతా ముందే ఒప్పుకున్నవాళ్లు కదా అన్నది ఇంకో అభ్యంతరం. సిరియా పాప రూపంలో చేసిన మూడున్నర మీటర్ల బొమ్మ 'లిటిల్ అమల్'ను 2021లో టర్కీ సరిహద్దు నుంచి మాంచెస్టర్ దాకా ఎనిమిది వేల కిలోమీటర్లు నడిపించారు. గ్రీసులోని లారిసాలో దాని మీద రాళ్లు పడ్డాయి. రాళ్లు పడ్డాయంటే ఒప్పుకోనివాళ్ల కంట పడిందనే అర్థం. పోలండ్-బెలారుస్ సరిహద్దు అడవుల మీద అగ్నియెష్కా హాలండ్ 2023లో తీసిన 'గ్రీన్ బోర్డర్' మీద అప్పటి ప్రభుత్వ మంత్రులే విరుచుకుపడ్డారు, ఆట ముందు తమ వివరణ వీడియో వేయాలన్నారు. ఆ ప్రభుత్వం ఎన్నికల్లో ఓడింది. కొత్తగా వచ్చిన ప్రభుత్వం 2025లో అదే సరిహద్దులో ఆశ్రయ దరఖాస్తులు తీసుకోవడం ఆపేసింది. ఎదుటివాడి దాకా చేరడం ఒక సమస్య, చేరాక నిలవడం అంతకన్నా పెద్దది. ఇక సినిమా తీసినవాళ్లకు, తెరమీద కనిపించినవాళ్లకు జరిగే హాని సంగతి. 2007-08లో టిబెట్ లోపల మామూలు జనం మాటలు రికార్డు చేసిన ధోండుప్ వాంగ్‌చెన్‌ను చైనా ఆరేళ్లు జైల్లో పెట్టింది. 2025 మార్చిలో పాలస్తీనా మీద తీసిన డాక్యుమెంటరీ 'నో అదర్ ల్యాండ్'కు ఆస్కార్ వచ్చిన మూడు వారాలకే దాని దర్శకుల్లో ఒకడైన హమ్‌దాన్ బల్లాల్‌ను సొంత ఊళ్లో కొట్టి పట్టుకుపోయారు. 'ఫ్లీ'లో యానిమేషన్ అలంకారం కాదు, రక్షణ. ప్రతి దర్శకుడూ ముందు వేసుకోవాల్సిన లెక్క ఇది.

మన దేశానికి వస్తే, 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద భారత్ సంతకం చేయలేదు. శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమూ లేదు. టిబెటన్లకు ఒక పద్ధతి, శ్రీలంక తమిళులకు మరో పద్ధతి, రోహింగ్యాలకు ఇంకో పద్ధతి. ధనుష్కోటి జాలర్లు, లంక తమిళ శరణార్థుల మీద లీనా మణిమేకలై తీసిన 'సెంగడల్'ను సెన్సార్ బోర్డు ఆపేస్తే, 2011లో అప్పీలు ట్రైబ్యునల్ విడిపించింది. ఆ ట్రైబ్యునల్‌ను 2021లో రద్దు చేశారు. ఇప్పుడు అలాంటి సినిమా తీసినవాడు నేరుగా హైకోర్టు మెట్లెక్కాలి. జాలిని అందుకునే ఏర్పాట్లు ఇంత పలుచగా ఉన్నచోట సాక్ష్యం పని మరింత అవసరం. హైదరాబాద్ బాలాపూర్‌లో కొన్ని వేల మంది రోహింగ్యాలు రేకుల గుడిసెల్లో ఉన్నారు. ఎన్నికలప్పుడు వాళ్లు ప్రసంగాల్లోకి వస్తారు, తర్వాత మళ్లీ కనబడరు. దండకారణ్యం కథ మనకు దూరమేమీ కాదు: కాగజ్‌నగర్ దగ్గర ఈజ్‌గాం, నజ్రుల్‌నగర్‌లలో బెంగాలీ శరణార్థుల కుటుంబాలు దశాబ్దాలుగా తెలుగు మాట్లాడుతూ బతుకుతున్నాయి. 2005 తర్వాత సల్వా జుడుం భయానికి ఛత్తీస్‌గఢ్ నుంచి గోదావరి ఈవలికి వచ్చిన గుత్తికోయలు దేశం దాటలేదు కాబట్టి ఏ అంతర్జాతీయ లెక్కలోనూ శరణార్థులు కారు. ఇక్కడి అటవీ శాఖ దృష్టిలో ఆక్రమణదారులు.

మనవాళ్లే ఒకప్పుడు కాందిశీకులన్న సంగతి మన సినిమాకు గుర్తులేదు. కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల నుంచి రంగూన్ వెళ్లి మిల్లుల్లో, రేవుల్లో పనిచేసిన తెలుగువాళ్లు 1942లో జపాన్ సేనలు రాగానే పిల్లల్ని ఎత్తుకుని కొండలు, అడవులు దాటి నడిచి వచ్చారు. ఆ ఏడాది బర్మా వదిలిన భారతీయులు సుమారు ఐదు లక్షలు, దారిలో పోయినవాళ్లు వేలల్లో. మిగిలినవాళ్లలో చాలామందిని 1962 సైనిక తిరుగుబాటు తర్వాత వెనక్కి పంపారు. విశాఖలో బర్మా క్యాంపు పేరు అలా నిలిచింది. బెంగాలీలకు ఘటక్ ఉన్నట్టు వీళ్లకు ఒక దర్శకుడు లేడు. ఇవాళ ఫిల్ము సొసైటీలకు, జర్నలిజం కళాశాలలకు, యూట్యూబులో లక్షల వీక్షణల కోసం తాపత్రయపడే కుర్రాళ్లకు ఒకటే విన్నపం. శరణార్థుల దినమని జూన్ 20న మరొకరి సినిమా వేసి చప్పట్లు కొట్టే ముందు సెల్‌ఫోన్ పట్టుకుని ఆ కాలనీలకు వెళ్లండి. అడిగి, అనుమతి తీసుకుని, పేరు రాసుకుని, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రికార్డు చేయండి, ఒక ప్రతి వాళ్లకే ఇవ్వండి. 1942 నడక గుర్తున్నవాళ్లు ఇప్పుడు తొంభై ఏళ్లకు అటూ ఇటూ ఉంటారు, ముందు వాళ్ల దగ్గరికి వెళ్లండి.